నైట్లీ బిల్డ్‌కి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఎక్కడ పెట్టాలి? క్రాన్, సిస్టమ్‌డీ, సీఐలలో ఏది మేలు?

నైట్లీ బిల్డ్ అంటే కోడ్‌ని రోజూ రాత్రి కంపైల్ చేసి, టెస్ట్ చేసే పని. దాన్ని టైముకి నడిపించే షెడ్యూలర్లు లినక్స్‌లోని క్రాన్, సిస్టమ్‌డీ, లేదా టీమ్ మొత్తానికి బిల్డ్‌లు నడిపే సీఐ. పగలు చేత్తో నడిపితే చక్కగా పాసయ్యే బిల్డ్, రాత్రి రెండింటికి దానంతట అది నడిస్తే ఫెయిలవుతుంది. కోడ్ అదే, మెషీన్ అదే, యూజర్ కూడా అదే. కానీ పగలు మీరు లాగిన్ అవగానే షెల్ (మీ కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్) బోలెడన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, అంటే ప్రోగ్రామ్‌లు చూసుకునే పేరు-విలువ జంటలు, నింపి పెడుతుంది. రాత్రి ఆ పని చేసేవాళ్లు లేరు. జావా ఎక్కడుందో చెప్పే జావా హోమ్ ఉండదు, కమాండ్లని వెతికే ఫోల్డర్ల జాబితా అయిన పాత్ కురచగా ఉంటుంది, భాష సంగతి చెప్పే లాంగ్ వేరియబుల్ చాలాసార్లు ఖాళీ. కాబట్టి ఆ వేరియబుల్స్‌ని ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట పెట్టాలి. ఆ చోటు ఏదన్నదే ఇక్కడ ప్రశ్న.

ముందు పోటీలోంచి తీసేయాల్సింది బాష్ అనే షెల్ మొదలవుతూ చదివే బాష్‌ఆర్‌సీ ఫైల్‌ని. ఎక్కువమంది మొదట చేయి పెట్టేది అందులోనే. డెబియన్, ఉబుంటుల్లో వచ్చే బాష్‌ఆర్‌సీ మొదటి లైన్లలోనే ఒక చెక్ ఉంటుంది: ఎదురుగా మనిషి కూర్చుని వాడే షెల్ కాకపోతే అక్కడితో ఆగి వెనక్కి వెళ్లిపోతుంది. మీరు ఫైల్ అడుగున రాసిన ఎక్స్‌పోర్ట్ లైన్ల దాకా రాత్రి బిల్డ్ రానే రాదు. ఇది కనిపెట్టి కొందరు ఆ చెక్‌నే తీసేస్తారు. కొండ నాలుకకు మందేసినట్టు, ఆ తర్వాత ఆ ఫైల్లో ఎవరో సరదాగా పెట్టిన ఎకో లైన్ ఒకటి మెషీన్ల మధ్య ఫైళ్లు పంపే ఎస్‌సీపీ కాపీలన్నిటినీ చెడగొడుతుంది. బాష్‌ఆర్‌సీ మనుషుల కోసం, బిల్డ్ కోసం కాదు. దాని సంగతి ఇంతే.

క్రాన్ సంగతి ఇంత సులువుగా తేలదు. అన్ని చోట్లా ఉంటుంది, ఒక్క లైన్‌తో పనైపోతుంది, మెయిల్ సెటప్ సరిగ్గా ఉంటే బిల్డ్ కక్కినదంతా పొద్దున్నే ఇన్‌బాక్స్‌లో ఉంటుంది. కానీ ఎన్విరాన్‌మెంట్ విషయంలో పరమ పిసినారి. హోమ్, లాగ్‌నేమ్, షెల్ అని రెండు మూడు ఇచ్చి ఊరుకుంటుంది. డెబియన్‌లో దాని పాత్‌లో రెండే ఫోల్డర్లు: యూఎస్ఆర్ బిన్, బిన్. మీ జావా బిల్డ్ టూల్ మావెన్‌నో నోడ్‌జేఎస్‌నో యూఎస్ఆర్ లోకల్ కింద పెట్టుకుని ఉంటే, కమాండ్ దొరకలేదన్న ఒక్క ముక్క లాగ్‌లో పెట్టి బిల్డ్ పడుకుంటుంది.

క్రాన్ షెడ్యూల్ ఉండే క్రాన్‌ట్యాబ్ ఫైల్ పైభాగంలో వేరియబుల్స్ రాసుకోవచ్చు. అసలు తంటా మొదలయ్యేది అక్కడే. ఆ లైన్లు చూడ్డానికి షెల్ లైన్లలాగే ఉంటాయి కానీ షెల్ వాటిని చదవదు. పాత విలువకు కొత్త ఫోల్డర్ కలుపుదామని డాలర్ గుర్తు పెట్టి పాత్ అని రాశారనుకోండి, క్రాన్ దాన్ని విప్పదు. ఆ డాలర్ గుర్తు, ఆ అక్షరాలు యథాతథంగా ఒక ఫోల్డర్ పేరైపోతాయి. అసలు పాత్ మాయమై, మీరు కలిపిన కొత్త ఫోల్డర్ ఒక్కటే మిగులుతుంది. అప్పుడు మావెన్ దొరుకుతుంది గానీ ఎల్ఎస్, గ్రెప్ లాంటి మామూలు కమాండ్లు దొరకవు! ఆ లాగ్ చూసినవాళ్లు డిస్క్ పోయిందేమో అనుకుంటారు. ఇంకోటి, కమాండ్‌లో పర్సెంట్ గుర్తు వస్తే క్రాన్ దాన్ని కొత్త లైన్‌గా తీసుకుంటుంది. లాగ్ ఫైల్ పేరులో తేదీ పెట్టాలంటే డేట్ కమాండ్‌కి పర్సెంట్ గుర్తు ఇవ్వక తప్పదు కదా, ముందు బ్యాక్‌స్లాష్ మరిస్తే కమాండ్ సగంలో తెగిపోతుంది. పైగా అది నడిపించేది బాష్‌ని కాదు, ఎస్‌హెచ్‌ని. ఉబుంటులో ఎస్‌హెచ్ అంటే డ్యాష్ అనే చిన్న షెల్. దానికి వేరే ఫైల్‌ని చదివించే సోర్స్ అన్న కమాండ్ తెలీదు, ఒక్క చుక్క పెట్టాలి.

ఇవన్నీ తెలిసిన చిక్కులే, సర్దుకోవచ్చు. క్రాన్ మీద నా అసలు ఫిర్యాదు వేరు: రాత్రి నడిచే ఎన్విరాన్‌మెంట్‌లోనే పగలు ఒకసారి నడిపి చూసే దారి అది ఇవ్వదు. మార్పు చేసి, షెడ్యూల్‌ని రెండు నిమిషాల తర్వాతకి జరిపి, గడియారం చూస్తూ కూర్చోవాలి.

సిస్టమ్‌డీ టైమర్ గెలిచేది సరిగ్గా ఇక్కడే. అందులో ఎప్పుడు నడవాలో టైమర్ ఫైల్లో, ఏం నడవాలో సర్వీస్ ఫైల్లో విడివిడిగా ఉంటాయి. సర్వీస్‌ని మధ్యాహ్నం చేత్తో స్టార్ట్ చేసినా రాత్రి వచ్చే ఎన్విరాన్‌మెంటే వస్తుంది. బాగయ్యిందో లేదో అప్పటికప్పుడు తేలిపోతుంది. రాత్రి కరెంటు పోయి మెషీన్ ఆగిపోతే, పర్సిస్టెంట్ అన్న సెట్టింగ్ ఆన్ చేసి ఉంటే, మళ్లీ లేచాక తప్పిన బిల్డ్‌ని నడుపుతుంది. లాగ్ అంతా జర్నల్‌లో ఒకచోట దొరుకుతుంది.

దీనికీ షెల్ తెలీదన్నది మాత్రం గుర్తుండాలి. వేరియబుల్స్ విడిగా రాసుకునే ఎన్విరాన్‌మెంట్ ఫైల్లో లైన్ ముందు ఎక్స్‌పోర్ట్ అని రాస్తే ఆ లైన్ పనికిరాదు, డాలర్ గుర్తు ఇక్కడా విప్పుకోదు. యూజర్ స్థాయిలో టైమర్ పెట్టుకుంటే లింగర్ ఆన్ చేయాలి, లేకపోతే మీరు లాగౌట్ అయ్యాక టైమర్ కూడా మీతోపాటే వెళ్లిపోతుంది. పాస్‌వర్డ్‌లు, టోకెన్లు సర్వీస్ ఫైల్లోనే నేరుగా రాయడం తప్పు: ఆ మెషీన్లో ఏ యూజరైనా సిస్టమ్‌సీటీఎల్ షో కమాండ్‌తో వాటిని చదవగలడు. వేరే ఫైల్లో పెట్టి, ఓనర్ రూట్, పర్మిషన్ 600 (ఓనర్ ఒక్కరే చదివి రాయగలిగేలా) చేస్తే ఈ బాధ లేదు. సిస్టమ్‌డీ ఆ ఫైల్‌ని రూట్‌గా ముందే చదివి, విలువల్ని మాత్రం బిల్డ్ యూజర్‌కి అందిస్తుంది.

ఇక సీఐ. టీమ్‌లో నలుగురున్నారంటే క్రానా సిస్టమ్‌డీనా అన్న చర్చే అనవసరం. ఫెయిలైన బిల్డ్ అందరికీ కనబడాలి, రహస్యాలు ఒకరి హోమ్ ఫోల్డర్లో ఉండకూడదు. కానీ సీఐకి మారితే వేరియబుల్ తలనొప్పులు పోతాయనుకోవద్దు, వేరే రకంవి వస్తాయి.

సీఐ టూల్స్‌లో ఒకటైన జెన్‌కిన్స్‌లో వేరియబుల్స్ పెట్టే చోట్లు మరీ ఎక్కువ. గ్లోబల్ సెట్టింగ్స్‌లో పెట్టొచ్చు, బిల్డ్ నడిపే మెషీన్, అంటే నోడ్‌లో పెట్టొచ్చు, జాబ్‌లో పెట్టొచ్చు, పైప్‌లైన్ ఫైల్లోనూ రాయొచ్చు. మూడేళ్ల కింద ఎవరో నోడ్‌లో పెట్టిన జావా హోమ్ ఇవాళ మీ బిల్డ్‌కి పాత జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) అంటగడుతుంది, పైప్‌లైన్ ఫైల్ ఎంత చదివినా కారణం కనబడదు. నోడ్ మీద నడిచే జెన్‌కిన్స్ ప్రోగ్రామే ఏజెంట్; ఆ మెషీన్లో వేరియబుల్ మార్చాక ఏజెంట్‌ని డిస్‌కనెక్ట్ చేసి మళ్లీ కలపకపోతే పాత విలువే నడుస్తుంటుంది. టైమ్ జోన్ విషయంలో మాత్రం మెచ్చుకోవాలి: షెడ్యూల్ పెట్టెలో మొదటి లైన్‌గా ఆసియా కోల్‌కతా అని టైమ్ జోన్ రాస్తే చాలు.

గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఆ టైమ్ జోనే మనవాళ్లని దెబ్బ తీస్తుంది. షెడ్యూల్‌ని విడిగా ఏమీ చెప్పకపోతే యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం)లో లెక్కేస్తుంది. మన రాత్రి 2 గంటలంటే అక్కడ ముందు రోజు 20:30. గంట మార్చడం అందరూ గుర్తుపెట్టుకుంటారు, వారం పేరు మార్చడం మర్చిపోతారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా తెల్లవారుజామున బిల్డ్ కావాలంటే అక్కడ ఆదివారం నుంచి గురువారం దాకా రాయాలి. అంతటితో అయిపోలేదు. బిల్డ్ నడిపే రన్నర్ మెషీన్ గడియారం కూడా యూటీసీయే. 15వ తేదీ తెల్లవారుజామున తయారైన బిల్డ్‌కి 14 అని ట్యాగ్ పడుతుంది. టెస్టింగ్ వాళ్లు పొద్దున్నే ఇవాళ్టి బిల్డ్ రాలేదేమని అడుగుతారు! వర్క్‌ఫ్లో ఫైల్లో టైమ్ జోన్ చెప్పే టీజెడ్ వేరియబుల్ పెడితే ఈ గొడవ తీరుతుంది. షెడ్యూల్ బిల్డ్ డిఫాల్ట్ బ్రాంచ్ మీదే నడుస్తుందనీ, పబ్లిక్ రిపో (కోడ్ దాచే చోటు)లో 60 రోజులు ఏ కదలికా లేకపోతే షెడ్యూల్ ఆగిపోతుందనీ కూడా తెలిసి ఉండటం మంచిది.

నైట్లీ బిల్డ్ వరకే చూస్తే గిట్‌ల్యాబ్ పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది. అక్కడ షెడ్యూల్‌కి సొంత వేరియబుల్స్ ఉంటాయి, టైమ్ జోన్ ఎంచుకోవచ్చు. రాత్రికి మాత్రమే పెద్ద టెస్టులు నడవాలంటే ఆ షెడ్యూల్లో ఒక వేరియబుల్ పెడితే సరి, పగటి బిల్డ్‌ని ముట్టుకోనక్కర్లేదు. ఒక మెలిక ఉంది: ప్రొటెక్టెడ్ అని గుర్తు పెట్టిన వేరియబుల్, ప్రొటెక్ట్ చేయని బ్రాంచ్ మీద నడిచే షెడ్యూల్‌కి అందదు. అందలేదని ఎర్రర్ కూడా రాదు, ఖాళీగా ఉంటుందంతే. స్క్రిప్ట్ మొదట్లో సెట్ కమాండ్‌కి హైఫన్ యూ ఇచ్చి ఉంటే, లేని వేరియబుల్ దగ్గరే బిల్డ్ ఆగి పేరుతో సహా చెబుతుంది. ఈ అలవాటు ఏ షెడ్యూలర్‌కైనా పనికొస్తుంది.

ఇన్ని చోట్లు తిరిగాక నా లెక్క ఇది: ఏ షెడ్యూలర్ మేలో తేల్చేముందు ఏ వేరియబుల్ ఏ జాతిదో తేల్చుకోవాలి. జావా ఏ వెర్షన్, కంపైలర్ ఫ్లాగ్‌లేమిటి, లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగ్) ఏది అన్నవి ప్రాజెక్ట్‌వి. అవి రిపోలోనే ఒక ఫైల్లో ఉండి, బిల్డ్ స్క్రిప్టే వాటిని ఎక్కించుకోవాలి. టోకెన్లు, సైనింగ్ కీల పాస్‌వర్డ్‌లు మాత్రం షెడ్యూలర్ ఇవ్వాలి. అంతకు మించి దానికి తెలియాల్సింది టైమే. ఇలా విడదీస్తే ఒక్క మెషీన్ ఉన్నవాళ్లకి సిస్టమ్‌డీ, టీమ్‌కి సీఐ అన్నది నా ఓటు. రేపు ఒకదాన్నుంచి ఇంకోదానికి మారినా పెద్దగా మార్చాల్సింది ఉండదు.

లొకేల్‌ని అందులో ఎందుకు కలిపానంటే, తెలుగు అక్షరాలున్న కోడ్‌కి అది ప్రాణం మీది సంగతి. అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకి మూడేసి బైట్లు, అన్నీ 127 దాటినవే. క్రాన్ కింద లాంగ్ లేకపోతే జేడీకే 17 దాకా జావా 127 దాకానే తెలిసిన ఆస్కీనే దిక్కనుకుంటుంది. సోర్స్‌లోని తెలుగు స్ట్రింగ్ దగ్గర కంపైలర్ ఆ అక్షరం తనకి తెలీదని గోల పెడుతుంది, లేదా తెలుగు ఫైల్ చదివే టెస్ట్ ప్రశ్నార్థకాలు చూపించి పడిపోతుంది. 2022లో వచ్చిన జేడీకే 18 నుంచి డిఫాల్టే యూటీఎఫ్-8 అయింది. పాతదాని మీద ఉన్నవాళ్లు మావెన్ సెట్టింగ్స్ ఉండే పామ్ ఫైల్లో సోర్స్ ఎన్‌కోడింగ్ రాసేస్తే కంపైల్ వరకైనా ఆ వేరియబుల్ అవసరం ఉండదు. అవసరం లేకుండా చేసిన వేరియబుల్‌ని ఎక్కడ పెట్టాలన్న చర్చే ఉండదు మరి.

సిస్టమ్‌డీ లేని చోట్లూ ఉంటాయి, ముఖ్యంగా కంటైనర్లు, అంటే ప్రోగ్రామ్‌ని దాని సరంజామాతో సహా విడిగా నడిపే డబ్బాలు. అక్కడ క్రానే గతి. డెబియన్ ఇమేజ్‌లో క్రాన్ పెట్టి, కంటైనర్‌ని నడిపే డాకర్ రన్ కమాండ్‌తో వేరియబుల్స్ ఇస్తే అవి కంటైనర్ మొదటి ప్రాసెస్‌కి అందుతాయి కానీ క్రాన్ జాబ్‌కి చేరవు. కంటైనర్ లేచేటప్పుడే వాటిని ఒక ఫైల్లోకి రాయించి, పర్మిషన్ 600 పెట్టి, బిల్డ్ స్క్రిప్ట్ మొదట్లో చుక్క కమాండ్‌తో ఆ ఫైల్‌ని చదివించండి. ఆ స్క్రిప్ట్‌ని పగలే పరీక్షించడానికి ఎన్వ్ కమాండ్‌కి హైఫన్ ఐ ఇచ్చి (ఉన్న వేరియబుల్స్ అన్నీ తీసేస్తుంది), హోమ్‌నీ, యూఎస్ఆర్ బిన్, బిన్ మాత్రమే ఉన్న పాత్‌నీ చేతికిచ్చి ఎస్‌హెచ్‌తో నడపండి. అలా నడిస్తే, కనీసం ఎన్విరాన్‌మెంట్ వల్ల రాత్రి పడిపోదు.