గుంటూరులో రోమన్ పిల్లర్లు కొనేవాళ్లకి: సాదావి తీసుకోండి, ఆకుల టాప్ జోలికి పోకండి

అమరావతి రోడ్డులో గోరంట్ల దాటి వెళ్తుంటే పక్కన యార్డుల్లో సిమెంటు సింహాలు, రెయిలింగ్ బొమ్మలు, వరసగా నిలబెట్టిన తెల్ల స్తంభాలు కనిపిస్తాయి కదా, అలాంటి ఒక యార్డులో మా కొత్తింటి వరండాకి నాలుగు రోమన్ పిల్లర్లు తీసుకున్నాం. యార్డు పేరు రాయను, మేం చూసినంతవరకు అందరి దగ్గరా ఇంచుమించు ఇవే అచ్చులు. ఎలివేషన్ దగ్గర ఎటూ తేల్చుకోలేక ఇంట్లో గొడవ పడుతున్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

లోపల మన తొమ్మిదంగుళాల ఆర్‌సీసీ కాలమ్ మామూలుగానే ఉంటుంది, స్లాబు బరువంతా దానిమీదే. దాని చుట్టూ సగం సగంగా పోతపోసిన రెండు గుల్లలు తొడిగి, మధ్య ఖాళీలో మాలు నింపి, జాయింటు పూడ్చి, కింద బేసు, పైన టాపు బిగిస్తారు. అన్నీ కలిపి ఒక్కో పిల్లర్‌కి 8 వేల చిల్లర పడింది, బిగింపు కూలి వేరే.

బరువు మోయనిది స్తంభం ఎలా అవుతుంది, అంతా డూప్లికేట్ అని మా బావ వెక్కిరించాడు. ఈ ఒక్క విషయంలో నేను యార్డు ఓనరు పక్షం. డిగ్రీ పిల్లలకి చరిత్ర చెప్పేవాణ్ణి కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిక లేనివాళ్లు కిందికి వెళ్లిపోవచ్చు. రోమన్లకి మొదట గుడి కట్టడం వచ్చింది ఇటలీలోనే పొరుగున ఉన్న ఎట్రుస్కన్ జాతివాళ్ల నుంచి: ఎత్తైన అరుగు, ముందువైపు మాత్రమే మెట్లు, లోతైన వరండా, కప్పు మీద కాల్చిన మట్టి బొమ్మలు. తర్వాత క్రీ.పూ. 212లో సిరక్యూస్, 146లో కోరింత్ అనే గ్రీకు నగరాలు వాళ్ల చేతికి చిక్కాయి, అక్కడి శిల్పాలు రోముకి తరలివచ్చాయి, గ్రీకు మోజు పట్టుకుంది. గ్రీకుల పెద్ద గుళ్లకి చుట్టూ స్తంభాలుంటాయి, కప్పు నిజంగానే వాటిమీద ఆనుతుంది. రోమన్లు పాత అరుగూ వరండా వదులుకోకుండానే ఆ షోకు కూడా కావాలనుకుని, పక్క గోడలకి సగం స్తంభాలు అతికించేశారు. రోములో టైబర్ నది ఒడ్డున పోర్టునస్ అనే రేవుల దేవుడి గుడి ఇప్పటికీ ఉంది, క్రీ.పూ. 1వ శతాబ్దం నాటిది, వెళ్తే చూడొచ్చు. కట్టింది మామూలు రాయితో, పైన పాలరాయిలా కనబడాలని సున్నపు పూత. అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయిన పాంపే ఊళ్లోని బసిలికా (కోర్టూ వ్యాపారమూ నడిచే పెద్ద హాలు) స్తంభాలైతే ఏకంగా ఇటుకలు, వాటిమీద పూత. ఆ ఊళ్లో పాత ఇళ్ల గోడల మీద కూడా రంగురాళ్ల పలకలు పేర్చినట్టు సున్నంతో ఉబ్బెత్తుగా చేసి రంగులేశారు. ఇటలీలోని కరారా గనుల పాలరాయి పెద్దయెత్తున వాడకంలోకి వచ్చింది ఆ తర్వాత, మొదటి చక్రవర్తి అగస్టస్ కాలంలో. అంటే డూప్లికేట్ పిల్లర్ మన గుంటూరువాళ్లు కనిపెట్టిందేమీ కాదు.

రోములో క్రీ.శ. 80లో తెరిచిన కొలోసియం అనే పోటీల స్టేడియం అయినా అంతే. బరువు మోసేది ఆర్చీలు, వాటి వెనక గోడలు. బయట కనబడే సగం స్తంభాలు అలంకారం: కింద అంతస్తులో సాదావి, రెండోదాంట్లో చుట్టల తలలవి, మూడోదాంట్లో ఆకులవి. అసలు వాళ్లకి స్తంభం అవసరమే తగ్గిపోయింది, ఎందుకంటే సున్నంలో అగ్నిపర్వతపు బూడిద కలిపి నీళ్లలో కూడా గట్టిపడే కాంక్రీటు చేసుకున్నారు. ఇనుము ముక్క లేకుండా రోములోని పాంథియాన్ గుడి గుమ్మటం 43 మీటర్ల వెడల్పున నిలబెట్టారంటే దానివల్లే. కింద బరువైన రాళ్లు, పైకి వెళ్లేకొద్దీ తేలిక రాళ్లు కలిపి పోశారు. యార్డులో మాకు మెట్ల గది మీదికి డోమ్ కూడా అంటగట్టబోయాడు, వద్దన్నాం.

కాబట్టి నా ఫిర్యాదు డూప్లికేట్ అని కాదు, డూప్లికేట్ కూడా సరిగా చేయలేదని. సాదా స్తంభాన్ని టస్కన్ అంటారు. దాని మందం ఎత్తులో ఏడో వంతు ఉండాలి, పైకి వెళ్లేసరికి అందులో నాలుగో వంతు తగ్గాలి అని అగస్టస్ కాలపు ఇంజనీరు విట్రూవియస్ రాసిపెట్టాడు. మాది పదిన్నర అడుగుల ఎత్తు, అంటే కింద అడుగున్నర మందం కావాలి. లోపలి కాలమ్ అడ్డం వస్తుంది కాబట్టి నాలుగో వంతు తగ్గించడం కుదరదు, ఒప్పుకుంటాను, కానీ కాస్తయినా సన్నబడాలి కదా! వీళ్లది కింది నుంచి పైదాకా పదిహేనంగుళాలే, తెల్ల రంగేసిన డ్రైనేజీ పైపులా ఉంది. అడిగితే, "ఏ ఎత్తుకైనా ఒకటే అచ్చు సార్, కోసి ఇచ్చేస్తాం, అందరూ ఇదే తీసుకెళ్తున్నారు, మీకెందుకు టెన్షన్" అన్నాడు.

ఆకుల టాపు ఇంకా అన్యాయం. చుట్టలూ ఆకులూ రెండూ ఉన్న ఈ తల నిజంగా రోమన్లదే, రోములో టైటస్ చక్రవర్తి పేరున్న ఆర్చీ మీద ఉంటుంది, పేరు కాంపోజిట్. ముళ్ల చెట్టు ఆకు అది, కొస ముందుకి వంగి కింద నీడ పడాలి, అందమంతా ఆ నీడలోనే. రబ్బరు అచ్చు అరిగిపోయేదాకా వాడినట్టున్నారు, ఆకుల మధ్య గాడి పూడిపోయి, కొసలు మొండిగా, వేలితో తడిమితే అంతా గాలి బుడగల చిల్లులు. పైగా నాలుగో పిల్లర్‌కి వేరే అచ్చులో తీసిన టాపు పంపారు, ఎత్తు కూడా అంగుళం తేడా. క్రీ.శ. 315లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఆర్చీకి ట్రాజన్, హేడ్రియన్, మార్కస్ ఆరీలియస్ కట్టడాల శిల్పాలు ఊడదీసుకొచ్చి పెట్టుకున్నారు, పాత చక్రవర్తుల మొహాలు కూడా చెక్కి మార్చేశారు. వాళ్లకి చెల్లింది, మా మేస్త్రీకి ఆ అంగుళం సర్దడానికి ఒక పూట పట్టింది.

రంగు విషయంలో మాత్రం నాన్నతో వాదించి ఓడిపోయాను. తెల్లగా వదిలేద్దామన్నాను, ఆయన అంచులకి గోల్డ్ వేయించారు. రోమన్లు కూడా విగ్రహాలకి రంగులు వేసేవాళ్లే కాబట్టి ఎక్కువ మాట్లాడలేకపోయాను.

సిమెంటు నాణ్యత బాగుంది, తడితే ఖంగుమంటుంది. కానీ ఎండాకాలం వచ్చేసరికి రెండు పిల్లర్లకి జాయింటు వెంట సన్న పగులు వచ్చింది. పుట్టీ పెట్టే ముందే ఫైబర్ మెష్ వేయించుకోండి. టాపు కావాలంటే కొత్త అచ్చులోది, నాలుగూ ఒకే అచ్చులోవి చూపించమనండి, లేదంటే సాదా టాపు చాలు, డబ్బులూ మిగుల్తాయి. ట్రాలీలో గడ్డి వేయించి, దించేటప్పుడు దగ్గరుండండి, అంచు విరిగితే బ్యాలెన్స్ ఇవ్వకముందే లెక్క తేల్చుకోండి. తర్వాత ఫోన్ ఎత్తరు.