కీపాస్ఎక్స్‌సీ: పసుపు చీటీ పీడ పోయింది

హన్మకొండలో మా ఆఫీసు. పాత ఫైళ్లు స్కాన్ చేసి ఆర్కైవ్ సర్వర్‌ల పెడతం. దాని అడ్మిన్ పాస్‌వర్డ్ మొన్నటిదాంక స్కానర్ మూత మీద పసుపు చీటీల ఉండె. చాయ్ తెచ్చే పిలగానికి గూడ నోటికొచ్చు.

పాస్‌వర్డులు దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ కీపాస్ఎక్స్‌సీ వేసినంక చీటీ చింపేసిన. పైస ఖర్చు లేదు, నెట్ అక్కర్లేదు. పాస్‌వర్డులన్నీ ఏఈఎస్ 256 బిట్ అనే గట్టి ఎన్‌క్రిప్షన్ తాళమేసిన ఒక్క ఫైల్‌లనే. కాపీ చేసినది 10 సెకన్లల్ల క్లిప్‌బోర్డ్ నుంచి మాయం. పేస్ట్ చేసేలోపే పోతుందని మా పెద్దసారు ఒకటే గునుగుడు. సెట్టింగుల్ల 30కి పెంచిన.

ఎవరు ఏ పాస్‌వర్డ్ తీసి చూసిన్రో లెక్క మాత్రం దొరకదు. సర్వర్ తనంతట తాను చదువుకునే డేటాబేస్ పాస్‌వర్డ్ ఇంకా కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్‌ల తాళం లేకుండ పచ్చిగనే ఉంది, దానికిది మందు గాదు. ఆ ఫైల్ తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ మరిస్తే ఇక అంతే. మాది లక్క వేసిన కవర్‌ల, బీరువాల ఉంది.