పైఎన్వ్ సమీక్ష: ఒకే ఉబుంటులో నాలుగు పైథాన్లు, చాలాకాలం వాడాక

విశాఖ రుషికొండ ఐటీ ఆఫీసుల్లో ఇది మామూలే: పాత క్లయింట్ ప్రాజెక్టు పైథాన్ 3.8 మీదే ఆగిపోయి ఉంటుంది, కొత్తగా మొదలైంది 3.12 అడుగుతుంది. 3.12లో డిస్ట్‌యుటిల్స్‌ని (ప్యాకేజీలు కట్టి ఇన్‌స్టాల్ చేసే పాత మాడ్యూల్) తీసేశారు కాబట్టి దాని మీదే ఆధారపడిన పాత సెటప్ ఫైళ్లు అందులో నేరుగా నడవవు. అప్పుడు చాలామంది చేసేది అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ కమాండ్‌తో సిస్టమ్ పైథాన్3నే మార్చేయడం. ఉబుంటులో ప్యాకేజీలు వేసే ఆప్ట్‌కి సంబంధించిన స్క్రిప్టులు సిస్టమ్ పైథాన్ మీదే ఆధారపడతాయి. అది మారగానే 'నో మాడ్యూల్ నేమ్డ్ ఆప్ట్_పీకేజీ' అని మొదలవుతుంది. ఒకే మెషీన్‌లో చాలా పైథాన్ వెర్షన్లని పక్కపక్కనే ఉంచే పైఎన్వ్ (pyenv) అనే టూల్‌లో ఈ బెడద లేదు. అన్నీ హోమ్ ఫోల్డర్‌లోని డాట్ పైఎన్వ్ లోపలే ఉంటాయి, సూడో (అడ్మిన్ అనుమతి) అడగదు.

తలనొప్పి ఎక్కువగా వచ్చేది ఇన్‌స్టాల్ దగ్గర. పైఎన్వ్ రెడీమేడ్ పైథాన్ దించదు, సోర్స్ తెచ్చి మీ మెషీన్‌లోనే కంపైల్ చేస్తుంది. ముందుగా బిల్డ్-ఎసెన్షియల్‌తో పాటు ఓపెన్ఎస్ఎస్ఎల్, జెడ్‌లిబ్, లిబ్ఎఫ్ఎఫ్ఐ, బీజిప్2, రీడ్‌లైన్, ఎస్క్యులైట్3, ఎల్‌జెడ్ఎంఏ, టీకే లైబ్రరీల 'డెవ్' ప్యాకేజీలన్నీ (కంపైల్‌కి కావాల్సిన ఫైళ్లుండేవి) వేసుకోవాలి. ఓపెన్ఎస్ఎస్ఎల్‌ది లేకపోతే బిల్డ్ ఫెయిలవుతుంది, అది నయం. ఎస్క్యులైట్, ఎల్‌జెడ్ఎంఏ లాంటివి లేకపోతే మాత్రం ఒక వార్నింగ్ లైన్ పడుతుంది, ఇన్‌స్టాల్ పూర్తయిందనే చెబుతుంది. వారం తర్వాత జాంగోలో మైగ్రేట్ కొడితే '_ఎస్క్యులైట్3 లేదు' అంటుంది, పాండాస్ ఎల్‌జెడ్ఎంఏ గురించి సణుగుతుంది. పిప్‌తో ఎన్ని ప్యాకేజీలు వేసినా ఇది తగ్గదు. డెవ్ ప్యాకేజీ వేసి, అదే వెర్షన్‌ని 'పైఎన్వ్ ఇన్‌స్టాల్ --ఫోర్స్'తో మళ్లీ కట్టాలి. చోటు మారదు కాబట్టి పాత వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లు (ప్రాజెక్టుకొకటిగా విడిగా ఉండే ప్యాకేజీల ఫోల్డర్లు) అలాగే పనిచేస్తాయి.

స్పీడు కోసం ఎనేబుల్-ఆప్టిమైజేషన్స్, ఎల్‌టీఓ అనే బిల్డ్ ఆప్షన్లు పెట్టమని చాలాచోట్ల చెబుతారు. సర్వర్‌కైతే సరే. 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాబ్ మెషీన్‌లో అన్ని కోర్లతో ఎల్‌టీఓ నడిపితే మెమరీ చాలక కంపైలర్ మధ్యలో చచ్చిపోవచ్చు. మేక్ ఆప్షన్లలో 'జె2' పెట్టి కోర్లు తగ్గించండి, లేదా ఆ రెండూ మానేయండి. యూపీఎస్ లేని చోట మే నెల మధ్యాహ్నం పెద్ద బిల్డ్ పెట్టకపోవడమే మంచిది. కరెంటు పోతే మొదటి నుంచీ కట్టుకోవాల్సిందే.

రెండో గందరగోళం షిమ్‌లు. మీరు 'పైథాన్' అని కొడితే ముందు దొరికేది షిమ్ అనే చిన్న స్క్రిప్టు. అది వరుసగా చూసేవి: పైఎన్వ్_వెర్షన్ వేరియబుల్, ఈ ఫోల్డర్‌లోనూ పై ఫోల్డర్లలోనూ ఉన్న డాట్ పైథాన్-వెర్షన్ ఫైలు, చివరికి 'పైఎన్వ్ గ్లోబల్'తో పెట్టిన వెర్షన్. తప్పు వెర్షన్ వస్తోందంటే పై ఫోల్డర్‌లో ఎవరో వదిలేసిన ఆ ఫైలే కారణం కావచ్చు. 'పైఎన్వ్ వెర్షన్' కొడితే ఏ ఫైలు వల్లో కూడా చెబుతుంది. ఆ ఫైల్లో 3.11.4 అని పూర్తిగా రాసి గిట్‌లో పెడితే టీమ్‌లో ఆ వెర్షన్ లేనివాళ్లకి 'నాట్ ఇన్‌స్టాల్డ్' వస్తుంది. 3.11 చాలు, కొత్త పైఎన్వ్ ఉన్నవాటిలో తాజాదాన్ని ఎంచుకుంటుంది. టాక్స్ (ఒకే కోడ్‌ని చాలా పైథాన్ వెర్షన్ల మీద పరీక్షించే టూల్) వాడేవాళ్లు 'పైఎన్వ్ లోకల్ 3.12 3.11 3.8' అని మూడూ ఒకేసారి ఇవ్వాలి. లేకపోతే పైథాన్3.8 ఉండి కూడా 'కమాండ్ నాట్ ఫౌండ్' అంటుంది.

క్రాన్‌లోనూ (టైమ్ ప్రకారం పనులు నడిపేది), సూడోతోనూ షిమ్‌లు కనబడవు. పైఎన్వ్ లైన్లుండే బాష్ఆర్‌సీ ఫైలుని క్రాన్ చదవదు, చదివించినా ఉబుంటులో ఆ ఫైలు ఇంటరాక్టివ్ షెల్ కాకపోతే పైనే వెనక్కి తిరుగుతుంది, సూడోకి దాని సొంత పాత్ ఉంటుంది. అక్కడ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ లోపలి పైథాన్‌కి పూర్తి పాత్ రాయండి. అలాగే పాత ప్యాచ్ వెర్షన్‌ని (3.11.4 లాంటిది) అన్‌ఇన్‌స్టాల్ చేసేముందు ఏ ఎన్విరాన్‌మెంట్లు దాన్ని పట్టుకుని ఉన్నాయో చూడండి. లోపలుండేది సిమ్‌లింకే (అసలు ఫైలుకి దారి చూపే లింకు), అసలుది పోతే అవన్నీ పోతాయి.

పైఎన్వ్-వర్చువల్ఎన్వ్ ప్లగిన్ నాకు నచ్చలేదు. ప్రతి ప్రాంప్ట్‌కీ ఒక హుక్ నడుస్తుంది, పాత ల్యాప్‌టాప్‌లో ఎంటర్ కొట్టినప్పుడల్లా ఆ జాప్యం తెలుస్తుంది. పైథాన్‌తోనే వచ్చే మామూలు వెన్వ్ చాలు.

2024 ఆగస్టులో వచ్చిన 0.3 వెర్షన్ నుంచి యూవీ (uv) అనే టూల్ కూడా పైథాన్లను పెట్టి ఇస్తోంది, అదీ ముందే కంపైల్ చేసినవి. ద్వారకానగర్ ఇన్‌స్టిట్యూట్ల ల్యాబుల్లాంటి చోట్లకి యూవీనే వేయమంటాను. క్షణాల్లో అయిపోతుంది, డెవ్ ప్యాకేజీల గొడవ లేదు. కానీ 2.7, 3.6 కావాలన్నా, ఎనేబుల్-షేర్డ్ లాంటి సొంత ఆప్షన్లతో కట్టాలన్నా పైఎన్వ్ తప్పదు. అలా చాలా మెషీన్లలో కట్టాల్సి వస్తే డాట్ పైఎన్వ్ లోపల 'క్యాష్' అనే ఫోల్డర్ చేసుకోండి. దించిన సోర్స్ అక్కడ ఉండిపోతుంది, ఆ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో మిగతా మెషీన్లకి మోసుకెళ్తే మళ్లీ మళ్లీ దించే పనిలేదు.