డిస్పోజర్ లీకేజీకి వచ్చిన ప్లంబర్ పని: 4/5

సింక్ కింద గార్బేజ్ డిస్పోజర్ (తిండి వ్యర్థాలను నలిపి నీళ్లతో పైపులోకి పంపే మిషన్) కారుతోందని పిలిస్తే, వచ్చినాయన వెంటనే పానా తీయలేదు. ముందు బ్రేకర్ ఆపేసి మిషన్ మొత్తం పొడిగా తుడిచారు. సింక్‌కి మూత బిగించి, నీళ్లు నింపి, అందులో కాస్త ఎర్ర ఫుడ్ కలర్ కలిపారు. తర్వాత తెల్ల టిష్యూతో ఒక్కో అతుకూ అద్దుతూ వెళ్లారు. పైన ఫ్లాంజ్ (సింక్ రంధ్రంలో బిగించే రింగు) దగ్గర టిష్యూ ఎర్రబడింది. పనంటే అలా చేయాలి!

పక్క పైపు దగ్గర కారితే చాలాసార్లు రబ్బరు వాషర్ మారిస్తే సరిపోతుందట. అడుగు నుంచి కారితే మాత్రం లోపలి సీలు పోయినట్టే, కొత్తది కొనుక్కోవడమే మేలన్నారు. మాది అది కాదని తేలాక టెన్షన్ తగ్గింది.

మిషన్ దించి, పెళుసుబారిన పాత పుట్టీ (సందుల్లోంచి నీళ్లు కారకుండా పెట్టే ముద్ద) అంతా ఓపిగ్గా గీకేశారు. కొత్త పుట్టీని తాడులా పేని ఫ్లాంజ్ అంచు చుట్టూ పెట్టి, కింది మూడు స్క్రూలనూ కొంచెం కొంచెంగా, సమానంగా బిగించారు. మళ్లీ సింక్ నింపి, నీళ్లన్నీ ఒక్కసారిగా వదిలి చూపించాకే సామాను సర్దుకున్నారు.

చెప్పిన టైముకి రాలేదు, అందుకే ఒక స్టార్ తగ్గించాను. మీది రాతి సింక్ అయితే ముందే చెప్పండి, మామూలు పుట్టీతో మరక పడే అవకాశం ఉంది.