తొమ్మిదేళ్లు తొక్కి అమ్మేసిన ఫిక్స్‌డ్ గేర్ సైకిల్: ఉన్నది ఉన్నట్టు

పోయిన నెల నా పాత ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ అమ్మేశాను. తొమ్మిదేళ్లు తొక్కాను. అమ్మడానికి కారణం నా మోకాలు, దాని తప్పేం లేదు. కొన్న కొత్తల్లో రాసుంటే ఇదంతా పొగడ్తే అయ్యేది. అమ్మకానికి పెట్టి, వచ్చిన ప్రతివాళ్లకీ దాని లోపాలు నా నోటితోనే చెప్పాల్సొచ్చాక గానీ దాని సంగతి నాకు పూర్తిగా అర్థం కాలేదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మామూలు సైకిల్‌కి వెనక ఫ్రీవీల్ ఉంటుంది, తొక్కడం ఆపినా చక్రం తన దారిన తాను తిరుగుతుంది. దీనికి అది లేదు. పళ్లచక్రం నేరుగా హబ్‌కే, అంటే చక్రం నడిమధ్య ఇరుసు భాగానికే, బిగించి ఉంటుంది కాబట్టి చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతాయి, వాటితో మీ కాళ్లూ. ట్రాక్ రేసుల్లో ఇప్పటికీ ఇవే. టూర్ ద ఫ్రాన్స్‌లో అయితే 1937 దాకా గేర్లు మార్చే డిరైలర్‌నే రానివ్వలేదు. కొండ వస్తే దిగి, వెనక చక్రం ఊడదీసి, రెండో వైపు పళ్లచక్రం చైన్‌లోకి వచ్చేలా తిప్పి బిగించుకునేవాళ్లు.

నా సైకిల్ ఏ కంపెనీదో నాకు ఈరోజుకీ తెలియదు. పేరున్న స్టిక్కర్ నా చేతికి రాకముందే ఊడిపోయింది. మిగిలింది, ఫ్రేము గొట్టాలు చేసే రేనాల్డ్స్ కంపెనీ వాళ్ల 531 ముద్ర ఒక్కటే. 531 అనేది 1935లో వచ్చిన మాంగనీస్-మాలిబ్డినం ఉక్కు. ఈ రకం ఫ్రేముల్లో గొట్టం చివర్లు మందంగా, మధ్యలో పలచగా ఉంటుంది. ముద్ర ఎవరైనా అతికించొచ్చు కదా అంటారా? సీటు పోస్టు, అంటే సీటు కింద ఫ్రేము గొట్టంలోకి దిగే కడ్డీ, కొలిచి చూశాను, 27.2 మిల్లీమీటర్లు. మందపాటి చవక గొట్టమైతే లోపల అంత జాగా ఉండదు. పక్కా రుజువు అనను గానీ, స్టిక్కర్ కంటే నమ్మదగ్గ ఆనవాలు. ఆ సీటు పోస్టుని ఏడాదికోసారి తీసి గ్రీజు రాసేవాణ్ణి. ఉక్కులో అల్యూమినియం దిగి ఊరికే కూర్చుంటే రెండూ కలిసి బిగుసుకుపోతాయి, ఆ తర్వాత రంపం పెట్టి కొయ్యాల్సిందే.

తొక్కడం సంగతి. చదునైన రోడ్డు మీద దీనంత హాయి ఇంకో సైకిల్‌లో నాకు దొరకలేదు. చప్పుడే ఉండదు. దిగుడు వస్తే మాత్రం చుక్కలు కనిపిస్తాయి. ముందు 48 పళ్లు, వెనక 16. పెడల్ ఒక చుట్టుకి బండి దాదాపు 6.3 మీటర్లు పోతుంది. గంటకి 50 కిలోమీటర్ల వేగం అందుకుందంటే కాళ్లు నిమిషానికి 130 చుట్లు దాటి తిరగాలి. మనం తిప్పేదేం లేదక్కడ, అది మనల్ని తిప్పుతుంది.

ఈ 48-16 లెక్కలో ఇంకో మెలిక ఉంది. కాళ్లు బిగబట్టి వెనక చక్రాన్ని జారనిచ్చి ఆపడం అలవాటైన కొద్ది నెలలకే టైరు ఒకేచోట గుండు కొట్టినట్టు అయింది. మిగతా టైరంతా కొత్తదే! టైరు నాసిరకం అని తిట్టుకున్నాను. తీరా చూస్తే తప్పు లెక్కది. 48ని 16తో భాగిస్తే సరిగ్గా మూడు, అంటే అదే కాలు ముందుకొచ్చిన ప్రతిసారీ చక్రంలో అదే భాగం రోడ్డుకి తగులుతుంది. వెనక 17 పళ్లది వేశాను. అరుగుడు పదిహేడు చోట్లకి పంచుకుంది. ఒక్క పన్ను తేడా.

ఇక నేను చేసిన వెధవ పని. వెనక పళ్లచక్రం మామూలు మర మీద బిగుస్తుంది, దాన్ని ఊడకుండా పట్టే లాక్‌రింగ్ అనే చుట్టు దాని పైన ఎడమ మర మీద, అంటే ఉల్టా మర మీద. కాళ్లతో వెనక్కి ఒత్తినప్పుడు పళ్లచక్రం ఊడబోతే లాక్‌రింగ్ ఇంకా బిగుసుకుని ఆపుతుంది. మంచి ఏర్పాటు. మూడో ఏడు, సరైన పానా చేతిలో లేక, లాక్‌రింగ్‌ని సుత్తితో రెండు తట్లు తట్టి సరిపెట్టాను. వారం తిరక్కుండానే మలుపులో కాలు బిగబట్టగానే పెడళ్లు గుల్లగా జారిపోయాయి. ముందు బ్రేకు ఉంది కాబట్టి బతికిపోయాను. విప్పి చూస్తే హబ్ మీద మరలు సన్నటి తీగముక్కల్లా లేచొచ్చి చైన్ గ్రీజులో మెరుస్తున్నాయి. అసలు హబ్ అలా పోయింది. ఇప్పుడున్నది తర్వాత వేయించింది.

ఆ ముందు బ్రేకుకీ ఒక కథ. ట్రాక్ రేసు ఫ్రేముల్లో చాలావాటికి ఫోర్కుకి, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే చీలికకి, బ్రేకు బిగించే కన్నం ఉండదు. నా కంటే ముందు తొక్కినాయనెవరో దీనికి డ్రిల్లింగ్ చేయించాడు. పాత సైకిళ్లు పోగుచేసే ఒకాయన చూడ్డానికొచ్చి, ఫ్రేమ్ తిరగేసి, హ్యాండిల్ కింద నిలువుగా ఉండే హెడ్‌ట్యూబ్ పక్కన, అక్కణ్ణుంచి పెడళ్ల వైపు దిగే డౌన్‌ట్యూబ్ అడుగున వేలితో తడిమి చూశాడు. ముందు నుంచి గట్టిగా గుద్దుకున్న సైకిల్‌కి అక్కడే పెయింటు ముడతలు పడుతుంది. దీనికి లేదు. ఆయన మొహం విప్పారింది. తర్వాత ఫోర్కు కన్నం చూశాడు. హబ్ మారిందని నేనే చెప్పాను. "చెడగొట్టేశారండీ" అని లేచాడు. ఆయన లెక్కలో ఆయనది న్యాయమే. నా లెక్కలో మాత్రం ఆ కన్నం లేకపోతే ఇది రాసేవాణ్ణి కాను.

ఇంకొకాయన ఫ్రేమ్ ఒక్కటే ఇస్తారా అన్నాడు. విడిభాగాలుగా అమ్మితే ఎక్కువ వచ్చేదేమో, మనసొప్పలేదు.

చివరికి కొన్నది ఒక కుర్రాడు. మొదటిసారి వచ్చినప్పుడు, "తొక్కడం ఆపొద్దు" అని మూడుసార్లు చెప్పి ఇచ్చాను. సరేనండీ అన్నాడు. ఇరవై గజాలు పోయాక మలుపు దగ్గర, ఎన్నేళ్ల అలవాటో, కాళ్లు ఆపేశాడు. పెడల్ అతన్ని సీటు మీంచి జానెడు పైకి లేపింది. బ్రేకు పట్టాడు, పడలేదు, హ్యాండిల్ టేపు మాత్రం గోడకి గీసుకుంది. తెల్లమొహం వేసుకుని తెచ్చిచ్చాడు. ఇక రాడనుకున్నాను.

నాలుగోరోజు వచ్చాడు. ఈసారి లోపాలన్నీ ఒక కాగితం మీద రాసిచ్చాను: మారిన హబ్, ఫోర్కు కన్నం, చైన్ సాగింది, పన్నెండు అంగుళాలకి అంగుళంలో పదహారో వంతు దాటింది, మార్చుకో. ముందు చక్రం బేరింగు చేత్తో తిప్పితే ఒకచోట గరుగ్గా తగులుతుంది. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు, బేరం కూడా ఆడలేదు. లాక్‌రింగ్ పానా ఊరికే ఇచ్చాను.

మొన్న ఫోన్ చేశాడు. పళ్లచక్రం మారుద్దామని గంట నుంచి కుస్తీ పడుతున్నాడట. "మీరిచ్చిన పానాతోనేనండీ, ఎడమకి ఎంత లాగినా లాక్‌రింగ్ ఊడట్లేదు."

"గంట నుంచీ దాన్ని బిగిస్తున్నావయ్యా" అన్నాను. కాగితంలో అదొక్కటే రాయలేదు.