మళ్లీ చూసి మాట్లాడే మిత్రులు: పాత సినిమాల పాడ్‌కాస్టుపై ఒక శ్రోత సమీక్ష

నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు చెందిన ముగ్గురు మిత్రులు పాత తెలుగు సినిమాలను మళ్లీ చూసి, వాటి గురించి నవ్వుతూ మాట్లాడుకునే ఒక పాడ్‌కాస్టును నేను దాదాపు మొదటినుంచీ వింటున్నాను. ఒకాయన కావలిలో మందుల షాపు నడుపుతారు, ఇంకొకాయన ఒంగోలులో బ్యాంకు ఉద్యోగి, మూడో ఆవిడ కందుకూరు దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెబుతారు. ముగ్గురూ నెల్లూరులో చదువుకునే రోజుల నుంచి స్నేహితులు. కార్యక్రమంలో ఎవరూ తమ పేరు చెప్పుకోరు. ఆవిడ మిగతా ఇద్దరినీ ‘అబ్బయ్యా’ అంటారు, వాళ్లిద్దరూ ఆవిడను ‘అక్కా’ అంటారు. వినేవాళ్లకు అంతకు మించి అవసరం పడదు కూడా. వాళ్లు కోరుకున్న ఆ మరుగును కాపాడుతూనే, ఇంతకాలం విన్న మీదట నాకు కలిగిన ఇష్టాన్నీ, కొన్ని అభ్యంతరాలనూ ఇక్కడ రాస్తున్నాను.

పాత సినిమాల మీద హాస్యం చేయడం సులువైన పని. చెట్ల చుట్టూ తిరిగే పాటలు, రబ్బరు పాములు, ఆసుపత్రి మంచం మీద పేజీలకు పేజీలు మాట్లాడి కన్నుమూసే తండ్రులు ఎవరికైనా వెంటనే దొరుకుతారు. చిన్నప్పటి జ్ఞాపకం మీద ఆధారపడి అలాంటి నాలుగు ముక్కలు అనేసి ముగించే కార్యక్రమాలు తెలుగులో తక్కువేమీ లేవు. ఈ ముగ్గురి ప్రత్యేకత ఏమిటంటే, మాట్లాడే వారంలోనే సినిమాను టైటిల్స్ నుంచి ‘శుభం’ దాకా మళ్లీ చూసి రావాలన్న నియమాన్ని ఎంత ఇబ్బంది ఉన్నా తప్పరు. బ్యాంకు ఆయన మార్చి నెలాఖరు పనుల్లో పడి సగమే చూడగలిగినప్పుడు ఆ భాగాన్ని వాయిదా వేశారు తప్ప, గుర్తున్నదాంతో నెట్టుకురాలేదు. దాని ఫలితం మాటమాటలోనూ తెలుస్తుంది. వాళ్లు నవ్వేది సినిమాలో నిజంగా ఉన్నదాన్ని చూసే గాని, ఉందని జనం అనుకునేదాన్ని చూసి కాదు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. చిత్రీకరణ కబుర్లు చెప్పేటప్పుడు ఎవరైనా ఆధారం లేని మాట అంటే, మిగిలిన ఇద్దరిలో ఒకరు స్టీలు గ్లాసు మీద స్పూనుతో ‘టంగ్’మని కొడతారు. ఆ శబ్దం వినపడిందంటే అది విన్నమాట, రుజువున్న మాట కాదు. ఏ నటి ఎవరితో గొడవపడింది, ఏ పాట ఎన్ని నిమిషాల్లో రాశారు అన్న కథలు చిలవలు పలవలుగా అల్లుకుపోయే మన సినిమా చరిత్రకు ఇంత చిన్న ఏర్పాటు ఎంత మేలు చేస్తుందో నాకు ‘మిస్సమ్మ’ భాగం వింటున్నప్పుడు తెలిసింది.

1955లో విజయా సంస్థ నుంచి ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో వచ్చిన ఆ సినిమాలో మొదట భానుమతిని తీసుకుని కొంత చిత్రీకరణ జరిపాక ఆ పాత్ర సావిత్రికి వెళ్లింది. భానుమతి పుట్టింది ఒంగోలు దగ్గరి దొడ్డవరం కాబట్టి బ్యాంకు ఆయనకు ఆవిడ మీద ఊరి అభిమానం ఎక్కువ. పాత్ర చేయి మారిన సంగతి ఆయన చెప్పినంతసేపూ గ్లాసు మోగలేదు. ఎందుకు మారిందో, ఎవరు ఎవరిని ఏమన్నారో వర్ణించడం మొదలుపెట్టగానే రెండుసార్లు మోగింది. ఆయన నవ్వి, ఆ వర్ణన అక్కడే ఆపి, 1953లోనే మూడు భాషల్లో ‘చండీరాణి’కి దర్శకత్వం వహించిన మనిషిగా భానుమతి ఎంత పట్టుదల గలవారై ఉంటారన్న దాని వైపు మాట మళ్లించారు. రుజువున్న సంగతులే అభిమానాన్ని ఎక్కువ బలంగా నిలబెడతాయని అక్కడ వినేవాళ్లకు స్పష్టంగా అర్థమవుతుంది.

అదే భాగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంభాషణ అక్కినేని వేసిన డిటెక్టివ్ పాత్ర మీద నడిచింది. జమీందారు తప్పిపోయిన పెద్దకూతురు సాక్షాత్తూ వాళ్ల ఊరికే టీచరుగా వచ్చి, వాళ్ల కళ్లెదుటే తిరుగుతుంటే, జమీందారు మేనల్లుడైన ఆ డిటెక్టివ్ ఆధారాల కోసం నానా తంటాలు పడుతుంటాడు. “ఇంట్లో మనిషిని పెట్టుకోని ఊరంతా ఎతికే డిటెక్టివును ఈ సినిమాలోనే చూశానబ్బయ్యా” అని మందుల షాపు ఆయన అనగానే, “ఆయన ఎతికింది మనిషిని కాదబ్బయ్యా, కాలి మీది పుట్టుమచ్చని” అని బ్యాంకు ఆయన అందుకున్నారు. నవ్వులు తగ్గాక అక్క అన్న మాట ఆ భాగానికి ప్రాణం. రహస్యం ప్రేక్షకుడికి ముందే తెలిసిపోతుంది గనక ఇక మిగిలే ఆసక్తి అంతా పాత్రలకు ఎప్పుడు తెలుస్తుందన్నదే, ఆ ఆలస్యాన్ని విసుగు పుట్టకుండా మోయడానికే ఆ డిటెక్టివ్ ఉన్నాడు అని ఆవిడ విడమరచి చెప్పారు. అప్పటికే హీరోగా స్థిరపడిన నటుడు అలాంటి పాత్ర ఒప్పుకోవడం వల్లనే ఆ ఏర్పాటు పండిందన్నది నా అభిప్రాయం.

అదే సినిమాలో సావిత్రి వేసిన మేరీని అప్పు పేరుతో వేధించే డేవిడ్ పాత్రధారి రమణారెడ్డి నెల్లూరు జిల్లావారు. ఆయన ప్రస్తావన వస్తే ముగ్గురి గొంతుల్లోనూ ఉత్సాహం పెరుగుతుంది. సన్నటి శరీరాన్ని ఆయన ఎలా వంచేవారో, సాగదీసి పలికే మాటను ఎక్కడ తుంచేవారో సన్నివేశం వెంట సన్నివేశం ఆపుకుంటూ చెప్పుకున్నారు. 1957 నాటి ‘మాయాబజార్’లో చిన్నమయ్యగా ఆయన ఎస్వీ రంగారావు ఘటోత్కచుడి పక్కన నిలబడినప్పుడు ఆ ఇద్దరి ఆకారాల్లోని తేడాయే సగం హాస్యాన్ని చేసిపెడుతుందని వాళ్లు గమనించిన తీరు బాగుంది. పాండవులు తెరమీద కనిపించకుండానే పాండవుల కథ నడిచిపోయే ఆ సినిమా గురించి కొత్తగా చెప్పడానికి ఏమీ మిగల్లేదని నేను అనుకునేవాణ్ణి. చిన్న పాత్రల మీద దృష్టి పెట్టి వాళ్లు కొత్త సంగతులు తవ్వి తీశారు.

భాష గురించి చెప్పాలి. ముగ్గురూ తమ యాసను దాచుకోరు. ‘ఏంది’, ‘అట్టా’, ‘ఉండాడు’ అన్న మాటలు ఇళ్లలో వినపడినట్టే వినపడతాయి. సినిమాల్లో నెల్లూరు యాస చాలాకాలం నవ్వించడానికే పనికొచ్చింది. ఇక్కడ అదే యాసలో ఛాయాగ్రహణం గురించి, స్క్రీన్‌ప్లే గురించి గంభీరమైన పరిశీలన వినడం నాకు ఎంతో సంతోషాన్నిస్తుంది. ఒక్కో భాగం సుమారు గంటన్నర ఉంటుంది. నెల్లూరులో పినాకిని రైలు ఎక్కి చెన్నై వైపు వెళ్తూ మొదలుపెడితే సూళ్లూరుపేట దాటేసరికి ముగింపుకు వస్తుంది. రికార్డింగు మాత్రం మొదట్లో బాగా నాసిగా ఉండేది. ఫ్యాన్ చప్పుడు, వీధిలో ఆటో హారన్లు, ఒకరి గొంతు దగ్గరగా ఇంకొకరిది బావిలోంచి వచ్చినట్టు వినిపించడం చెవికి ఇబ్బంది కలిగించేవి. ఇప్పుడు ముగ్గురికీ వేర్వేరు మైకులు వచ్చాయి గాని, ఇద్దరు ఒకేసారి మాట్లాడే అలవాటు పోలేదు.

హాస్యం పేరుతో అభిప్రాయభేదాలను కప్పిపుచ్చకపోవడం ఈ కార్యక్రమంలో నేను గౌరవించే గుణం. 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’ భాగంలో మందుల షాపు ఆయన సూర్యకాంతం నటనను పొగుడుతూ, ఛాయాదేవి వచ్చాక గుండమ్మ పరిస్థితి తలకిందులయ్యే సన్నివేశాలను పడీపడీ నవ్వుతూ చెబుతుంటే, అక్క ఒక ప్రశ్న వేశారు. సవితి కూతురు లక్ష్మి ఇంటి చాకిరీ చేస్తే మనకు జాలి కలగాలి, సొంత కూతురు సరోజ చేత భర్త నాటకమాడి తోట పని చేయిస్తే మనకు నవ్వు రావాలి. రెండూ ఒకే రకం చాకిరీ అయినప్పుడు ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది? కాసేపు ఎవరూ హాస్యమాడలేదు. అహంకారం ఉన్న ఆడపిల్లను దారిలోకి తేవడమన్న కథ మన సినిమాకు ఎంత ఇష్టమైన సరుకో, ఎన్ని దశాబ్దాలు నడిచిందో మాట్లాడుకున్నారు. ఆ భాగం విన్నాక నేను సినిమా మళ్లీ చూశాను. అక్క ప్రశ్న న్యాయమైనదే. అయితే సరోజగా వేసిన జమున ఆ సన్నివేశాల్లో ఎక్కడా ఓడిపోయిన మనిషిలా నటించలేదు, కథ వంచాలని చూసిన పాత్రను ఆవిడ తన ముఖంలో వంగనివ్వలేదు. ఆ మాట వాళ్లలో ఎవరో ఒకరు అని ఉంటే బాగుండేది.

1985 నాటి ‘ప్రతిఘటన’ను ఎంచుకున్నారని తెలిసినప్పుడు నాకు భయమేసింది. దర్శకుడు టి. కృష్ణ ప్రకాశం జిల్లా మనిషి. హత్యకు సాక్ష్యం చెప్పినందుకు నడివీధిలో అవమానం పాలైన లెక్చరర్, తన తరగతి గదికి తిరిగి వచ్చేసరికి బ్లాక్‌బోర్డు మీద విద్యార్థులు గీసిన బొమ్మ ఎదురయ్యే సినిమా అది. హాస్య కార్యక్రమం దాన్ని ఏం చేస్తుందోనన్న నా భయానికి వాళ్లు గొప్పగా జవాబు చెప్పారు. ఆరంభంలోనే ఈ వారం నవ్వించబోమని ప్రకటించి, ఆ తరగతి గది సన్నివేశాన్ని షాటు వెంట షాటు చెప్పారు. పాఠశాలలో పని చేసే మనిషిగా అక్క ఆ సన్నివేశాన్ని చూసిన తీరు వింటూ నేను నడక మధ్యలో ఆగిపోయాను. అంత తీవ్రమైన సినిమాలు తీసి 1986లోనే, నలభై ఏళ్లయినా నిండకుండా వెళ్లిపోయిన దర్శకుడికి తన జిల్లా మనుషుల నుంచి దక్కవలసిన గౌరవం అది.

నా అభ్యంతరాల్లో పెద్దది జానపద చిత్రాల విషయంలో. విఠలాచార్య సినిమాలు వచ్చినప్పుడల్లా ఈ ముగ్గురూ తమ క్రమశిక్షణ మరచిపోతారు. 1978 నాటి ‘జగన్మోహిని’లో దయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లు పెట్టి వంట చేసే సన్నివేశం మీద పావుగంట నవ్వారు. నవ్వడం తప్పు కాదు, కానీ కెమెరాను ఆపి మళ్లీ తిప్పడం, ఒకే ఫిల్ము మీద రెండుసార్లు చిత్రించడం లాంటి చేతిపనితనంతో, తక్కువ ఖర్చుతో, గ్రాఫిక్స్ లేని రోజుల్లో అలాంటి దృశ్యాలు ఎలా తీశారన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. ‘వివాహ భోజనంబు’ పాటలో లడ్లు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి వెళ్లినప్పుడు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే పనితనాన్ని తనివితీరా మెచ్చుకున్నవాళ్లు, అదే దారిలో తక్కువ డబ్బుతో నడిచిన మనిషిని వెక్కిరించడం న్యాయంగా లేదు. టెంటు హాళ్లలో నేలటిక్కెట్టు జనాన్ని తెల్లవార్లూ నిద్రపోనివ్వని సినిమాలవి. ఆ జనం భయం కూడా సినిమా చరిత్రలో భాగమే.

అతిథులను పిలిచిన భాగాలు అంతగా రుచించలేదు. కొత్తవాళ్ల ముందు ముగ్గురూ మర్యాద పాటిస్తారు, గ్లాసు మోగించడానికి మొహమాటపడతారు. పాటల గురించి మాట్లాడేటప్పుడు కూడా సాహిత్యం దగ్గరే ఆగిపోతారు. సంగీతం తెలిసిన నాలుగో మిత్రుడు ఉంటే లోటు తీరుతుంది.

కొత్తగా వినాలనుకునేవారు ‘అహ నా పెళ్ళంట’తో మొదలుపెట్టడం మంచిది. జంధ్యాల 1987లో తీసిన ఆ సినిమాలో వేలాడదీసిన కోడిని చూస్తూ అన్నం తినే కోట శ్రీనివాసరావు సన్నివేశం అందరికీ తెలిసిందే కాబట్టి, వాళ్లు దాన్ని ఎంత నిదానంగా విప్పి చూపిస్తారో పోల్చుకోవడం సులభం. నిర్మాత రామానాయుడు కారంచేడు మనిషి కావడంతో ఊరి కబుర్లు కూడా బాగా దొర్లుతాయి. ఆ తరువాత ‘మిస్సమ్మ’, ఆపైన ‘గుండమ్మ కథ’ వినవచ్చు. నెల్లూరులో పుట్టిన దర్శకుడు పి. పుల్లయ్య గురించి ఇప్పటివరకు ఒక్క భాగం కూడా రాలేదు. ఆయన 1965లో తీసిన హాస్యచిత్రం ‘ప్రేమించి చూడు’ ఈ ముగ్గురి ధోరణికి చక్కగా సరిపోతుంది. దాన్ని తీసుకోమని వాళ్లకు ఉత్తరం రాశాను, తరువాతి జాబితాలో చేర్చామని అక్క జవాబిచ్చారు.