92 వేలు తిరిగిన మామూలు ఇంజినా, 35 వేలు తిరిగిన టర్బోనా?

మా బావమరిది ఆరు నెలలుగా కారు కారు అని ప్రాణం తీసి, చివరికి రెండు బళ్ల దగ్గర ఆగాడు. ఒకటి 2015 స్విఫ్ట్ డిజైర్ పెట్రోల్, ఒకే ఓనరు, మీటరు మీద 92 వేలు. రెండోది 2019 టర్బో పెట్రోల్ చిన్న ఎస్‌యూవీ, తిరిగింది 35 వేలే, పైగా సన్‌రూఫ్. దాని పేరు చెప్పను, తప్పు వాడినవాళ్లది. రేటు తేడా లక్షన్నర. "ఇంకా చూసేదేముంది బావా, తక్కువ తిరిగిందే కదా మేలు?" అన్నాడు.

టర్బో బండికి ఆ లెక్క అంత తేలిగ్గా పనిచెయ్యదు. టర్బో అంటే ఇంజిను వదిలే పొగతో తిరుగుతూ, ఇంజిన్లోకి గాలిని ఎక్కువగా నెట్టే పరికరం. అందులో టర్బైను నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, అదీ ఎగ్జాస్ట్ సెగలో. దాని షాఫ్టును కాపాడేది పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. ఆరేళ్లలో 35 వేలంటే రోజుకు పదహారు కిలోమీటర్లు: పిల్లల్ని బడి దగ్గర దింపడం, కూరగాయలు, ఇల్లు. ఇంజిను సరిగ్గా వేడెక్కేలోపే ఆపేస్తారు. కాలని పెట్రోలు, తేమ ఆయిల్లో కలిసిపోతాయి. "ఎక్కువ తిప్పలేదుగా" అని ఏడాదికోసారి మార్చాల్సిన ఆయిల్ కూడా మార్చరు. పైగా ఇది డైరెక్ట్ ఇంజెక్షన్. పెట్రోలు నేరుగా సిలిండర్లోకే పోతుంది, గాలి లోపలికొచ్చే ఇన్‌టేక్ వాల్వుల మీద పడదు, కాబట్టి అక్కడ మసి పేరుకుంటూ పోతుంది.

డిజైర్‌లోది 1197 సీసీ కె-సిరీస్, నాలుగు సిలిండర్లు, టర్బో లేదు. పెట్రోలు వాల్వుల ముందే చిమ్ముతుంది కాబట్టి అవి ఎప్పటికప్పుడు కడిగినట్టుంటాయి. వాల్వుల్ని వేళకి తెరిచి మూయించే టైమింగ్‌కి చైనే, బెల్టు కాదు. విజయవాడ ఆటోనగర్‌లో ఏ కొట్టుకెళ్లినా సామాను దొరుకుతుంది. ఈ ఇంజిన్ని పాడుచెయ్యాలంటే కాస్త కష్టపడాలి.

ఇదంతా కాగితం మీది మాట. బండి దగ్గరికెళితేగానీ తేలదు.

రెండు బళ్ల ఓనర్లకీ ముందురోజే చెప్పాం: పొద్దున ఏడింటికి వస్తాం, మేం వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని. టర్బో బండి బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. "ఇప్పుడే కడిగించి తెచ్చానండీ" అన్నాడాయన. అంతటితో నా మనసు విరిగింది. చల్లటి ఇంజిను స్టార్ట్ చేసినప్పుడే అసలు రోగాలు బయటపడేది: నీలిపొగ వస్తే ఆయిల్ తాగుతున్నట్టు, తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తుంటే ఇంజిన్ని చల్లబరిచే కూలెంట్ సిలిండర్ల లోపలికి పోతున్నట్టు. ఆయిల్ మూత తిప్పి చూస్తే లోపల తారు పూసినట్టు నల్లటి జిడ్డు. సర్వీసు బిల్లులు మొదటి మూడేళ్లవే ఉన్నాయి. బండి కంప్యూటరుకి స్కానర్ పెడితే ఒక్క తప్పూ చూపించలేదు. కానీ బండి తనను తాను చూసుకునే పరీక్షలు సగం కూడా పూర్తి కాలేదంది. అంటే ఎవరో మెమరీ అప్పుడే తుడిచేశారు, లేదా బ్యాటరీ వైరు పీకారు.

డిజైర్ చల్లగా ఉంది. తాళం తిప్పగానే చైను గలగల ఒక్క సెకను వినిపించి ఆగింది. ఆయిల్ పైకెక్కేదాకా ఆ మాత్రం చప్పుడుకి కంగారు పడక్కర్లేదు, నాలుగైదు సెకన్లు దాటితే మాత్రం ఖర్చే. కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి, కొలిపిస్తే నాలుగు సిలిండర్లూ దగ్గరదగ్గరగానే వచ్చాయి. ఒకదానికొకటి పది పదిహేను శాతం మించి తేడా ఉంటేనే సిలిండర్లు అరిగి ఇంజిను బోరుకొచ్చిందేమోనని అనుమానించాలి. మెకానిక్ రేడియేటర్ మూత తీశాడు చూడండి, కూలెంట్ లేదు, తుప్పు రంగు నీళ్లు. ఎవరో బోరునీళ్లు పోసి నడిపారు. ఆ ఒక్క మూతతో రేటు పన్నెండు వేలు దిగింది.

మధ్యలో మా బావమరిది ఇంకో రెండు పేర్లు తెచ్చాడు. హోండా సిటీ 1.5 ఐ-వీటెక్ అయితే నాకు అభ్యంతరం లేదు, ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సందు, సరిచేయించుకుంటూ ఉంటే చాలాకాలం నడుస్తుంది. గ్యాస్ కిట్ బిగించింది మాత్రం వద్దన్నాను, వాల్వు సీట్లు త్వరగా అరుగుతాయి. ఇకోస్పోర్ట్ 1.0 ఇకోబూస్ట్ నడపడానికి సరదా బండే, కానీ దాని టైమింగ్ బెల్టు ఆయిల్లో తడుస్తూ తిరుగుతుంది, ఆయిల్ తేడా అయితే బెల్టు పిప్పి అవుతుంది. ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు 2021లోనే చెప్పేసింది కూడా. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు రబ్బరు భాగాల్ని పాడుచేస్తుందన్న భయం అంటారా, 2023 ఏప్రిల్‌కి ముందు వచ్చిన చాలా బళ్లకి ఉన్నదే. రబ్బరు పైపులు చూసుకోవాలి, అంతే.

అదే టర్బో బండికి ఆరేళ్ల బిల్లులూ ఉండి, బానెట్ చల్లగా ఉండుంటే నేనూ దానికే ఓటేసేవాణ్ని. లేవు కాబట్టి డిజైరే కొనిపించాను. రేడియేటర్ కడిగించి, కూలెంట్, ఆయిల్, ప్లగ్గులు మార్పించాం. నాలుగు నెలలైంది, డిప్‌స్టిక్ మీద ఆయిల్ గీత కదల్లేదు. వాళ్లావిడ మాత్రం నేను కనపడ్డప్పుడల్లా "సన్‌రూఫ్ పోగొట్టారుగా అన్నయ్యా" అంటూనే ఉంది.